కోత పెట్టి వేగం పెంచిన నిదానం మేడమ్

1991 జూలై ఒకటవ తేదీన మా సంస్థ కంప్యూటర్ విభాగంలో సహాయకురాలిగా చేరిన ఆమె, యంత్రాల గది చలికి వణుకుతూనే సాయంత్రం దాకా అక్కడినుంచి కదలలేదు. మాటలోనూ నడకలోనూ తొందర ఎరుగని ఆమెకు సహోద్యోగులు ముద్దుగా పెట్టిన "నిదానం మేడమ్" అన్న పేరు, ఆమె ప్రోగ్రామరై, అనంతరం విభాగాధిపతి పదవిని అలంకరించినా చెక్కుచెదరలేదు.

పాత సర్వర్లను తొలగించి, కొన్ని పెద్ద యంత్రాలలోనే, వాటి ప్రాసెసర్లను పంచుకుంటూ విడివిడి యంత్రాల్లా పనిచేసే అనేక వర్చువల్ సర్వర్లను నెలకొల్పే బృహత్కార్యానికి ఆమె సారథ్యం వహించారు. తొలుత అంతా సాఫీగానే సాగినా, క్రమంగా బిల్లింగు, జీతాలు, స్టోర్సు అప్లికేషన్లు మొరాయించసాగాయి. ప్రతి శాఖా తన సర్వర్‌కు మరికొన్ని ప్రాసెసర్లు కోరడం, మొహమాటానికి మేడమ్ ఇస్తూ పోవడం, వేగం మరింత పడిపోవడం! నెలాఖరుకు చక్కబడకుంటే పాత పద్ధతికే మళ్లుదామని డైరెక్టరుగారు తేల్చిచెప్పారు. అదే జరిగితే ఈ పనికోసమే తీసుకున్న యువ ఇంజనీర్లు ఇంటిదారి పట్టాల్సిందే.

ఆ దిగులుతో కంచం ముందు కూర్చున్న ఆమెను చూసి భర్త, "ఏంటి, ముద్ద కూడా లోడవుతోందా?" అన్నారు. ఆమె పకపకా నవ్వారు.

మర్నాడు కొలతలు తీయించగా, యంత్రాలలో ఖాళీ ఉన్నా సర్వర్లు వంతుకోసం ఎదురుచూస్తున్నాయని తేలింది. ప్రాసెసర్లు తగ్గించాలని ఆమె అనగానే అకౌంట్సు అధికారి లేచారు.

"ఉన్నవి లాక్కుంటే వేగం పెరుగుతుందా? మా చెవిలో పువ్వు పెడుతున్నారా మేడమ్?"

"హోటల్లో ఎనిమిదిమందీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటామంటే, అన్ని కుర్చీలూ ఖాళీ అయ్యేదాకా నిలబడాలి కదండీ! ఇద్దరైతే ఇట్టే కూర్చోవచ్చు. సర్వరూ అంతే, అడిగిన ప్రాసెసర్లన్నీ ఒకేసారి ఖాళీ అయ్యేదాకా ఆగుతుంది. ముందు నా సర్వర్‌కే కోత పెడతాను. తేడా రాకపోతే మీవి ముట్టుకుంటే ఒట్టు."

మధ్యాహ్నానికల్లా ఆమె విభాగపు స్క్రీన్లు చకచకా కదలడం చూసిన ఆ అధికారి స్వయంగా వచ్చి, "మావీ తీసేసుకోండి మేడమ్, ఇంకా చూస్తారేం?" అన్నారు. ఆ వారంలోనే అప్లికేషన్లన్నీ గాడిన పడ్డాయి, ఇంజనీర్లందరి ఉద్యోగాలూ నిలిచాయి.

నిన్న పదవీ విరమణ చేస్తూ ఆమె తన బాధ్యతలను వారిలో ఒకరికే అప్పగించారు. "ఎవరైనా స్లో అంటే ముందేం చెయ్యాలి మేడమ్?" అని అడిగిందా అమ్మాయి.

"వాళ్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చోమ్మా. వాళ్లు పడే అవస్థ చూడు. ఆ తర్వాతే మన కొలతలు."

అంతటి ఓర్పుగల ఆ చల్లని మనిషి, భర్తతో, కూతురితో, మనవలతో నవ్వుతూ తుళ్లుతూ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులందరి హృదయపూర్వక ఆకాంక్ష.