ఇరవై నాలుగులోంచి తొమ్మిది

ఆసుపత్రి వెనకాల బట్టలుతికే గది. అక్కడే జరిగే సాయంత్రం బడి మొదలవడానికి ఇంకా కాస్త టైముంది. దుప్పట్లు మడతపెట్టే అక్క దగ్గరికి, పెద్దవాళ్ళ చదువు కోసం ప్రభుత్వంతో వాదించే సంఘం కార్యదర్శి వచ్చింది.

“అది సరే మేడమ్, ముందు ఆ కొస పట్టుకోండి. మాట్లాడుకుంటూనే మడత పెట్టేద్దాం. ఇంతకీ కమిటీ వాళ్ళు ఏమన్నారు?”

“ఏం చెప్పనక్కా. మూసేయమన్నారు.”

“ఏది, మన బడినా?”

“మన బడే. నెలాఖరుకి.”

“గట్టిగా లాగండి, ముడత పడుతోంది. మరి మీరు వాదించలేదా?”

“వాదించాను. నా పనే అది కదా. ఒకాయన టీలో బిస్కెట్టు ముంచుకుంటూ అంతా విన్నాడు. విని, మీ పరీక్ష కాగితాలు తెచ్చి నా ముందు పడేశాడు. ఒక్కరూ పాసవలేదు. ఒక్కరంటే ఒక్కరు. మూడేళ్ళు చెప్పినా తీసివేత రాని చోట ఇంకా ఎందుకమ్మా అన్నాడు.”

“పోనీ, కాస్త టీ తాగుతారా?”

“వద్దు. అక్కా, ఇరవై నాలుగులోంచి తొమ్మిది తీస్తే ఎంత?”

“ఇప్పుడవన్నీ ఎందుకు మేడమ్…”

“ఎంత?”

“పదిహేను.”

“కాగితంలో పదిహేడని రాశావు.”

“తడబడి ఉంటాను.”

“అందరూ పదిహేడే రాశారు. అందరూ కలిసే తడబడ్డారా?”

“ఇదిగో, ఇంకో దుప్పటి.”

“అక్కా!”

“అరవకండి మేడమ్, వార్డులోకి వినిపిస్తుంది.”

“అరవట్లేదు. అరిచే ఓపిక కూడా లేదు. పొద్దుట్నుంచి నాకు ఏదీ తెలియట్లేదు. కోపం కూడా రావట్లేదు. ఊరికే అడుగుతున్నాను, చెప్పు.”

“కావాలనే రాశాం.”

“కావాలనా?”

“ముందు తలో తప్పు రాద్దామనుకున్నాం. తీరా ముందుగా రాసి చూసుకుంటే కొందరు చెయ్యి ఆగక ఒప్పే రాసేస్తున్నారు. అందుకని ఒకటే తప్పు అనుకుని, నేనే అందరికీ నేర్పించాను. మన గేటు కాపలా ఆయన మరీనూ, తప్పని తెలిసీ ఎలా రాస్తానమ్మా అని మొండికేశాడు. బతిమాలితే రాశాడు.”

“మీ టీచరుకి తెలుసా?”

“తెలీదు పాపం. తన చెప్పడంలోనే లోపముందని ఏడ్చింది.”

“ఎందుకక్కా ఇదంతా?”

“పాసైతే బడి ఎత్తేస్తారు కదా.”

“ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పడమేంటి, నా కళ్ళతో చూశాను. ఇంతకుముందు బస్సు డిపో దగ్గర బడికి వెళ్ళేదాన్ని. అందరం పాసయ్యాం. దండలు వేశారు, ఫోటోలు తీశారు, మీ బడి ఎక్కడికీ పోదని మైకులో చెప్పారు. సోమవారం వెళితే తాళం. ఇక్కడ పని అయిపోయిందట, ఇంకో పేటకి మార్చేశారట. మా వదిన కూడా నాతోపాటే పాసయింది. రెండేళ్ళు తిరక్కుండానే మళ్ళీ వేలిముద్రకి వచ్చింది. నాకూ సగం పోయి, ఇక్కడ కూర్చున్నాకే మళ్ళీ పట్టుబడింది.”

“నాకు తెలుసక్కా. నేను వాదించిందీ అదే…”

“పైగా రోజంతా నిలబడి చేసే పని మాది. కుర్చీలో కూర్చునేది ఆ గంటే. అది చెప్పారా కమిటీలో?”

“చెప్పలేదు.”

“పోన్లెండి. చెప్తే నవ్వుతారు.”

“అక్కా, ఆ రూలు ఇప్పుడు లేదు.”

“ఏ రూలు?”

“అందరూ పాసైతే బడి మార్చేసే రూలు. తీసేశారు. నేనే తీసేయించాను. చెప్పులరిగేలా తిరిగాను దానికోసం. పాసైన బడిని అక్కడే ఇంకో రెండేళ్ళు నడపాలని పోయినేడాదే ఆర్డరు వచ్చింది. మీరు ఒప్పు రాసి ఉంటే…”

“రాసి ఉంటే?”

“బడి ఉండేది.”

“కొస వదిలేశారు మేడమ్. నేల మీద పడింది. మళ్ళీ ఉతకాలి.”

“నేను ఉతుకుతాలే.”

“మళ్ళీ పరీక్ష పెట్టమనండి. ఇప్పుడే రాస్తాం, అన్నీ ఒప్పులే రాస్తాం. కాపలా ఆయనైతే ఎగిరి గంతేస్తాడు.”

“సంతకాలు అయిపోయాయి. అందరిదీ ఒకటే తప్పు కదా, కాపీ కొట్టారని కూడా రాసుకున్నారు. ఇప్పుడు నేను వెళ్ళి, వాళ్ళకి లెక్కలొచ్చు, కావాలనే తప్పు రాశారంటే ఎవరు వింటారు?”

“నా మాట విని రాశారు వాళ్ళంతా. ఇంకాసేపట్లో వస్తారు. వాళ్ళ మొహాలు ఎలా చూడను? ఏం చెప్పను?”

“నాకూ ఏం తోచట్లేదక్కా. బుర్ర మొద్దుబారిపోయింది. ఒక్క సంగతి మాత్రం అర్థం కావట్లేదు. ఆ ఆర్డరుని తేలిక మాటల్లో, పెద్ద పెద్ద అక్షరాలతో రాయించి, ఈ తలుపుకి నేనే అంటించి వెళ్ళాను. ఇంతమందిలో ఒక్కరూ చదవలేకపోయారా?”

“చదివాం మేడమ్. నేనే పైకి చదివి వినిపించాను, ఒక్క అక్షరం తప్పు పోకుండా. ఎవ్వరం నమ్మలేదు.”