గురువారం టికెట్టు

2007 అక్టోబరు, శుక్రవారం మధ్యాహ్నం. సౌదీలో, అల్ ఖోబర్ ఊళ్ళో, ఇంటి ఫోను దగ్గర పదిహేడేళ్ళ కెజియా. ఇటలీలో, పాదువా ఊళ్ళో, ఫోన్ షాపు బూత్‌లో ఆమె తల్లి ప్రేమజ్యోతి. నర్సింగులో పై చదువుకి ఆవిడ అక్కడికి వెళ్ళి మూడు వారాలైంది.

"గురువారమేంటమ్మా? ఏ గురువారం?"

"వచ్చే గురువారమే. పొద్దున్న వెనిస్‌లో ఎక్కితే రాత్రికి దమ్మాంలో దిగుతాను. డాడీని కారు తీసుకుని రమ్మను."

"డాడీ పడుకున్నాడు. శుక్రవారం బిర్యానీ తిని పడుకున్న మనిషిని లేపి, మీ ఆవిడ మూడు వారాలకే చదువు మానేసి వస్తోందని నేను చెప్పను. నువ్వే చెప్పుకో."

"చలి పడటం లేదే నాకు."

"మొన్న తిండి పడటం లేదన్నావు."

"తిండీ పడటం లేదు, చలీ పడటం లేదు."

"బ్రెడ్డు మీద టమాటాలు పెట్టిచ్చారు, చాలా బాగుందన్నావు కదా."

"ఒకరోజు బాగుంది. రోజూ బాగుంటుందా ఏంటి?"

"టికెట్ కొనేశావా?"

"సీటు పట్టి ఉంచారు. ఇవాళ వెళ్ళి ఖాయం చెయ్యాలి. ట్రావెల్స్ షాపు మూడున్నరకి తీస్తారు. ఇక్కడ ఇప్పుడు మూడే."

"అంటే నాకు అరగంట టైముంది."

"దేనికి?"

"నిన్ను ఆపడానికి."

"నువ్వు నన్ను ఆపేదేంటే. మాట తిన్నగా రానివ్వు."

"మధ్యాహ్నం పూట షాపులు మూస్తారని మొత్తానికి తెలిసిందన్నమాట నీకు."

"అది మళ్ళీ ఎత్తకు."

"షట్టర్ దించగానే నమాజు టైం అనుకుని, ఇరవై నిమిషాల్లో తీస్తారులే అని నిలబడింది ఎవరు? గంటన్నర."

"గంటే."

"మొదటిసారి చెప్పినప్పుడు గంటన్నర అన్నావు. ఇటలీలో నమాజుకి షాపులు మూస్తారా అమ్మా?"

"పద్దెనిమిదేళ్ళ అలవాటే అది. షట్టర్ పడిన చప్పుడు వింటే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. బుర్రకి తెలిసేలోపు గంటైపోయింది."

"మరి శనివారం పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని క్లాసుకెళ్ళడం?"

"ఖోబర్‌లో శనివారం వారం మొదలవుతుందా, అవదా?"

"అవుతుంది. ఖోబర్‌లో."

"తాళం వేసున్న గేటు ముందు నిలబడితే ఊడ్చే ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. అదే నేను ఇక్కడ మొదట చేసుకున్న స్నేహం. చాలా, ఇంకా నవ్వుతావా?"

"చాల్లే. ఇప్పుడు అసలు సంగతి చెప్పు."

"ఏ అసలు సంగతి?"

"చలి కాదు, తిండి కాదు. పన్నెండు గంటలు నిలబడి డ్యూటీ చేసొచ్చి మనకి చేపల పులుసు వండే మనిషివి, చలికి పారిపోయి వస్తావా? నీ అప్లికేషన్ కంప్యూటర్లో నింపింది నేను. ఎందుకు చదవాలనుకుంటున్నారు అని అడిగితే నువ్వేం చెప్పావో నాకు గుర్తుంది."

"ఏం చెప్పాను?"

"నా దగ్గర పని నేర్చుకున్న పిల్లని నా మీద ఇన్‌చార్జి చేశారు, ఎందుకంటే ఆ పిల్లకి డిగ్రీ ఉంది, నాకు లేదు. ఆ మాటనే నేను మర్యాదగా ఇంగ్లీషులో రాశాను."

"అవన్నీ ఇప్పుడెందుకులే. మీరెలా ఉన్నారు?"

"బాగున్నాం."

"ఏం తింటున్నారు?"

"డాడీ పప్పు వండుతున్నాడు. ఒకరోజు పల్చగా, ఒకరోజు చిక్కగా. పల్చగా వస్తే చారంటాడు."

"నువ్వు పిన్ని వాళ్ళింటికి వెళ్ళి తినొచ్చుగా."

"బాగానే ఉన్నామమ్మా. ఎంత బాగున్నామంటే, నువ్వొస్తే మాకే ఇబ్బంది. రిమోటు నా దగ్గరే ఉంటోంది. స్కూలుకి బట్టల మీద నీ పాత నల్ల అబాయా తొడుక్కుని వెళ్తున్నా."

"అది నీకు పొట్టి కదే."

"పరవాలేదు."

"నీ అబాయా ఏమైంది?"

"ఉంది. మాట మార్చకు. చెప్పు."

"అబాయా అన్నావు కనక చెప్తున్నా. నవ్వకూడదు."

"నవ్వను."

"డాడీకి చెప్పకూడదు."

"చెప్పను. నవ్వడం సంగతి మాత్రం నా చేతుల్లో లేదు."

"ఇక్కడికొచ్చిన రెండో రోజు బయటికెళ్తూ తలుపు దగ్గర అలవాటుగా అబాయా తగిలించుకున్నాను. సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, ఇక్కడ అక్కర్లేదని. కానీ చలిగాలి కొడుతోంది, అది వెచ్చగా ఉంది. సరేలే, కోటు అనుకుందాం అని ఉంచేశాను. చెవులకి చలేసి తెల్ల స్కార్ఫు తలకి చుట్టుకున్నాను. మెళ్ళో మా అమ్మిచ్చిన సిలువ గొలుసు ఉండనే ఉంది."

"నల్ల గౌను, తెల్ల ముసుగు, సిలువ."

"బస్సెక్కితే ఒకాయన లేచి సీటిచ్చాడు. పెద్దదాన్ని కదా, అందుకనుకున్నాను."

"అమ్మా. నిన్ను కన్యాస్త్రీ అనుకున్నారా?"

"నవ్వనన్నావు."

"పద్దెనిమిదేళ్ళు సంసారం చేసి, నన్ను కని, డాడీని రోజూ సాధించే మనిషివి."

"నేనెప్పుడు సాధించానే ఆయన్ని?"

"మన సంఘంలో ఎవరికైనా తెలియాలి. ప్రేమజ్యోతక్క మఠంలో చేరిందని ఈ సాయంత్రం మీటింగులోనే ప్రార్థన పెట్టిస్తారు."

"నవ్వడం అయ్యాక చెప్పు, మిగతాది చెప్తాను."

"అయింది. అయింది. చెప్పు."

"పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఎల్వీరా అని, డెబ్బై ఏళ్ళుంటాయి. నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పి ఏడవడం మొదలెట్టింది. సంచీలోంచి ఫోటో తీసి చూపించింది. ఆరేళ్ళ మనవరాలు, మార్తా. గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది, ఆసుపత్రి వైపు చూపించింది, పైకి చూపించింది. నా చెయ్యి వదలదు. మా క్లాసులన్నీ ఇంగ్లీషులోనే, ఇటాలియన్ రాదు నాకు. కాదు నేను వేరే అని ఎలా చెప్పను?"

"ఏం చేశావు?"

"ఏం చేస్తాను? కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. తెలుగులో."

"బస్సులోనా? గట్టిగానా?"

"గట్టిగానే."

"ఇక్కడ మనింట్లో మీటింగంటే పోలీసుల భయంతో కిటికీలు మూసి, కర్టెన్లు వేసి, ఎవరైనా ఆమెన్ కొంచెం పైకంటే కళ్ళురిమి చూసేదానివి. నువ్వా?"

"నాకే తెలీదు నా గొంతు అంత పెద్దదని. ఎవరూ ఏమీ అనలేదు కెజీ. డ్రైవరు కూడా తిరిగి చూళ్ళేదు. దిగాక ఒళ్ళంతా తేలికైపోయింది నాకు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది."

"బాగుంది కదమ్మా. దీనికి పారిపోయి రావడమెందుకు?"

"మర్నాడు పొద్దున్నే ఆవిడ బస్సు స్టాపులో నా కోసం నిలబడి ఉంది. ఆ మర్నాడూ. మూడు వారాలుగా రోజూ. ఆపిల్ పళ్ళు తెస్తుంది, పక్కన కూర్చుంటుంది, చెయ్యి చాస్తుంది. నేను ప్రార్థన చేస్తాను. ఆ అబాయా మానేద్దామంటే మానలేకపోయాను. మానేస్తే మోసం బయటపడుతుంది. వేసుకుంటే మోసం పెరుగుతుంది."

"పోనీ వేరే బస్సెక్కు."

"వినవే. సోమవారం నుంచి మాకు వార్డు డ్యూటీలు. బుధవారం తీసుకెళ్ళి చూపించారు. పిల్లల గుండె వార్డు. మూడో మంచం దగ్గరికెళ్ళేసరికి ఫోటోలో పిల్ల."

"మార్తా."

"మార్తాయే. ఇంకా తేరుకోలేదు, ఇంతలో ఆ నాయనమ్మ సంచీ పట్టుకుని వస్తోంది. నేను యూనిఫాంలో ఉన్నాను. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చెవులకి రింగులు."

"నిన్ను చూసిందా?"

"చూడలేదు. దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళిపోయాను."

"దాక్కున్నావా?"

"అరగంట. మా టీచరు వచ్చి అడిగితే దుప్పట్లు లెక్క చూస్తున్నానన్నాను. నవ్వు, నువ్వు నవ్వు. నా పాట్లు నీకు నవ్వులాటగా ఉన్నాయి."

"నవ్వట్లేదమ్మా. అంటే ఇదన్నమాట గురువారం."

"సోమవారం నుంచి ఆ పిల్లకి మందులిచ్చేది నేను. రోజూ ఆవిడ ముఖంలో ముఖం పెట్టి చూడాలి. దేవుడి మనిషినని నమ్మి ఏడ్చింది నా దగ్గర. రేపు తెలిస్తే, ఆ పిల్లని నన్ను ముట్టుకోనిస్తుందా? సిగ్గుతో చచ్చిపోతాను కెజీ. బుధవారం రాత్రే అనుకున్నాను, ఈ చదువూ వద్దు, ఏమీ వద్దు, ఇంటికెళ్ళిపోదామని. నిన్న వెళ్ళి సీటు పట్టించాను."

"ఇప్పుడు నేను చెప్పేది వింటావా? ఆవిడ దగ్గరికెళ్ళి నిజం చెప్పెయ్. నాకు పెళ్ళైంది, కూతురుంది, చలికి వేసుకున్నానని. తిడితే తిట్టనీ. నేను రోజూ నీ చేత తిట్లు తినట్లేదా, ఏమైంది నాకు?"

"చెప్పేశాను."

"ఎప్పుడు?"

"ఇవాళ పొద్దున్న. మా హాస్టల్లో సిస్టర్ ఆన్సీ అని మలయాళీ ఆవిడ ఉంది. ఆవిడకి హిందీ వచ్చు, ఇటాలియన్ వచ్చు. జరిగిందంతా చెప్తే నా చెయ్యి పట్టుకుని స్టాపుకి లాక్కెళ్ళింది."

"తప్పు ఒప్పుకోడానికి అసలు కన్యాస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళావన్నమాట. బాగుంది."

"ఆ పెద్దావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నేను చెప్పాను, సిస్టర్ ఆవిడకి చెప్పింది. అంతా విని, తెలుసంది."

"తెలుసా? ఎలా?"

"మొదటి రోజు బస్సులో నేను ప్రార్థన చేసినప్పుడు మార్తా పేరు ఒక్కసారే అన్నానట. ఇంకో పేరు పదిసార్లు అన్నానట."

"ఏ పేరు?"

"నీ పేరే, ఇంకెవరి పేరు? నాకు తెలీదే, నిజంగా. కళ్ళు మూసుకుంటే నోట్లోంచి అదే వచ్చినట్టుంది. ఆవిడ మొదట, ఇండియాలో కెజియా అని ఒక పునీతురాలు ఉండి ఉంటుంది, ఆమెని వేడుకుంటున్నానేమో అనుకుందట."

"నేనా? స్టాటిస్టిక్స్‌లో నలభై రెండు మార్కులు తెచ్చుకున్న పునీతురాలు."

"నలభై రెండా? నాకు యాభై రెండని చెప్పావు."

"తర్వాత మాట్లాడుకుందాం. ఆవిడేమంది?"

"ఇంటికెళ్ళి ఆలోచించుకుందట. పునీతుల్ని ఎవరూ అలా పిలవరు, కన్నబిడ్డనే అలా పిలుస్తారనుకుందట. అందుకే రోజూ వచ్చిందట. బిడ్డని దూరంగా పెట్టుకున్న మనిషి ప్రార్థన గట్టిగా ఉంటుందని."

"అది పిల్లల్లేని సిస్టర్ ఆన్సీ ముందే అందా?"

"సిస్టరే కదా చెప్పాలి హిందీలో. చెప్పి, నేనేమీ అనుకోలేదులే అని కూడా హిందీలోనే అంది."

"అయితే ఇంక సిగ్గేముంది? ఆవిడకి కోపం లేదు."

"కోపం లేదు. వెళ్ళేముందు ఒకటడిగింది. సోమవారం నా మనవరాలి దగ్గర నువ్వుంటావా అని."

"ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు. క్లాసు అవ్వగానే తిన్నగా ఇక్కడికొచ్చి నీకు ఫోన్ చేశాను."

"నాకెందుకు?"

"సిగ్గు పోయింది కెజీ. బెంగ మాత్రం పోలేదు. నీ పేరు పదిసార్లు అన్నానని ఆవిడ చెప్పిందగ్గర్నుంచి నిన్ను చూడకుండా ఉండలేననిపిస్తోంది. డిగ్రీ లేకపోతే ఏమైంది, ఇన్నాళ్ళు బతకలేదా? నువ్వు ఒక్కసారి రమ్మను. ఇంకెవరి మాటా వినను. ఆ షాపు తియ్యగానే వెళ్ళి టికెట్ ఖాయం చేసేస్తాను."

"ఒక్క నిమిషం. డాడీ లేచాడేమో చూసొస్తా."

"కెజీ?"

"ఉన్నాను. లేవలేదు."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"ఏసీకి."

"రానా?"

"వద్దు. ఆ పాప దగ్గర ఉండు. ఫిబ్రవరిలో నీ రీ-ఎంట్రీ వీసా గడువు అయిపోకముందు ఎలాగూ రావాలి కదా, అప్పుడు చూసుకుందాం. మాకేం, బాగున్నామని చెప్పాగా."

"నిజంగా చెప్తున్నావా?"

"నిజంగానే. ఇన్‌చార్జి అయితే నువ్వే అవ్వాలి."

"సరే."

"సరే అంటే?"

"ఉంటాను. ఇప్పుడే వెళ్ళి సీటు వద్దని చెప్పేస్తాను. అట్నుంచటే ఆసుపత్రికెళ్ళి ఆవిడకి కూడా చెప్తాను, సోమవారం నేనే వస్తానని."

"అయితే గురువారం రావన్నమాట."

"నువ్వేగా ఉండమన్నావు."

"అన్నాను. నువ్వు వింటావనుకోలేదు."