పాలు తూర్పుకే పొంగే ఇల్లు

బెంగాలు మహానగరంలో, ఓడరేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్‌లో కొత్తగా కట్టిన అయిదంతస్తుల భవనం. నాలుగో అంతస్తులో ఖాళీ ఇల్లు చూపిస్తున్నవాడు గవరయ్య, డాక్‌లో క్రేన్ నడిపి రిటైరై, ఇప్పుడు ఇళ్లు అద్దెకిప్పించే మనిషి. చూస్తున్నది లక్ష్మీసౌజన్య, విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు.

“తొమ్మిది వేలా? ఇంకోసారి చెప్పండి.”

“తొమ్మిదే తల్లీ. రెండు గదులు, వంటిల్లు, బాల్కనీ. అంతా కొత్తది. రంగు వాసన కూడా పోనేదు.”

“భవానీపూర్‌లో ఒక్క గదికి ఇరవై రెండు చెప్పారు. అదీ మా అమ్మ ఉల్లిపాయ వండనని రాసిస్తేనట.”

“మా దగ్గర అలాటివేటీ లేవు. చేపలు తింటావో, తిట్లు తింటావో నీ ఇష్టం.”

“లిఫ్టు?”

“గొయ్యి ఉన్నాది. లిఫ్టు రావాల.”

“అంటే దిగడానికి ఏర్పాటుంది, ఎక్కడానికే లేదు.”

“నువ్వు బ్యాంకులో కాదమ్మా, బెంగాలీ జాత్రా నాటకాల్లో ఉండాల.”

“ఇల్లు పూర్తయిందని కార్పొరేషన్ ఇచ్చే కాగితం ఉందా?”

“వస్తాది.”

“లిఫ్టుతో పాటా?”

“కాగితాలు బెంగాలీ దళారులు చూపిస్తారు. నాను పాలు చూపిస్తాను.”

“పాలేమిటి?”

“మన తెలుగోళ్లకి ఇల్లిస్తే ముందు పాలు పొంగిస్తాను. అడ్వాన్సు ఆ తర్వాతే. ఈ బిల్డింగులో మనోళ్లు ఆరు కుటుంబాలు దిగారు. ఆరుసార్లూ పాలు తూర్పుకే పొంగాయి. ఒక్కటి తప్పలేదు. ఏటి, నవ్వుతన్నావు?”

“ఆరుసార్లూ తూర్పుకే పొంగితే మీకు అనుమానం రాలేదా?”

“శుభానికి అనుమానమేటి?”

“కింద ఈ బిల్డింగుకీ తూర్పు పక్క బిల్డింగుకీ మధ్య సైకిలు పట్టేంత సందుంది, చూశాను. ఇక్కడ పైన తూర్పు కిటికీ తలుపు తోస్తే జానెడు కూడా తెరుచుకోలేదు. పక్కింటి గోడకి తగిలి ఆగిపోయింది. పాలకేం, పాపం, పల్లం ఎటుంటే అటు పోతాయి.”

“కొంచెం వాలింది. ఒప్పుకుంటాను. కొత్త బిల్డింగు కదా, కూకోవాల.”

“కూర్చుంటే పరవాలేదు. పడుకుంటుందేమోనని నా బాధ.”

“పడుకోదు. పక్క బిల్డింగు పట్టుకుంటాది.”

“రద్దీ బస్సులో పక్కవాడి భుజం మీద నిద్రపోయినట్టు. బాగుంది.”

“మా అప్పలలక్ష్మి రెండో అంతస్తులోనే ఉంటంది, ఇద్దరు పిల్లల్తోటి. బిల్డింగు బాగోకపోతే కన్న కూతుర్ని పెడతానేటి?”

“ఆవిడకీ పాలు చూపించే ఇచ్చారా?”

“ఈ బిల్డింగులో మొదట పొంగింది దాని పాలే.”

“ఇంతకీ ఆ గడగడ ఏమిటి? వచ్చినప్పట్నుంచీ కాళ్ల కింద నేల అదురుతోంది.”

“దక్షిణం పక్కన పాత పెంకుటిల్లు పడగొట్టీసారు. బిల్డింగులు కట్టి అమ్మే ఇంకో ప్రమోటరు నిన్నే పునాది తవ్వడం మొదలెట్టాడు. బాల్కనీలోంచి చూడు, ఎంత లోతు తవ్వీసాడో. నీ అదృష్టం, దక్షిణం అంతా తెరుచుకుపోయింది. ఈ ఊళ్లో దక్షిణం గాలంటే ప్రాణమిచ్చీస్తారు. భవానీపూర్‌లో దానికే అయిదు వేలు ఎక్కువడుగుతారు.”

“మాకు గొయ్యితో కలిపి ఉచితమన్నమాట.”

“తీసుకుంటావా, లేదా?”

“సాయంత్రం అయిదుకి గెస్ట్‌హౌస్ ఖాళీ చెయ్యాలి. మా అమ్మ పెట్టె మీద కూర్చుని గడియారం చూస్తోంది. ఇది నేను చూసిన పంతొమ్మిదో ఇల్లు. మిగతా పద్దెనిమిదీ నిటారుగానే ఉన్నాయి, నా జీతానికే అందలేదు. తీసుకుంటాను. కానివ్వండి మీ పాలు.”

“అదీ మాట. గిన్నె పెట్టీసాను. నువ్వే వెలిగించు. తూర్పు అంచు మీద కన్నేసి ఉంచు. వచ్చీస్తంది, వచ్చీస్తంది...”

“పొంగాయి. గవరయ్య గారూ, తూర్పు అటు కదా?”

“అటే.”

“మరి పాలు ఇటు పోతున్నాయేం?”

“గిన్నె సరిగ్గా పెట్టలేదు. పొయ్యి తిప్పు. ఇంకోసారి పొంగించు.”

“తిప్పాను. ఆగండి. ఇదిగో, పొంగాయి. మళ్లీ బాల్కనీ వైపే. అంటే దక్షిణం, యముడి దిక్కు. అద్దె ఒక అయిదొందలు తగ్గించాలి మీరు.”

“నవ్వకు. ఆ తూర్పు కిటికీ తొయ్యి.”

“అది రాదని చెప్పానుగా.”

“తొయ్యమ్మా.”

“ఇదేమిటి, పూర్తిగా తెరుచుకుంది. ఇందాక ఎంత తోసినా...”

“పక్క బిల్డింగుని వదిలీసింది. పొయ్యార్పీ. చెప్పులేసుకో.”

“మరి అడ్వాన్సు?”

“ఈ ఇల్లు నీకివ్వను. పద. దిగుతా దిగుతా కనపడ్డ తలుపల్లా కొట్టు, మనోళ్లదా, వాళ్లదా అని చూడకు.”

“మీరు రండి ముందు. ఫోను తర్వాత చేసుకోవచ్చు.”

“నువ్వు నడు. ఒలే అప్పలలక్ష్మీ, నానే. ఏటీ అడక్కు. పిల్లలిద్దర్నీ ఎత్తుకుని రోడ్డు మీదకి పరిగెత్తు. తాళం కూడా వెయ్యకు.”