ఆంజప్ప మామ మూడు రంగుల వైరింగ్

బేరిగైలో కెంపమ్మ టీకొట్టు బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాను. మా తాత కేశవులు అంబాసిడర్ కారుకి కొత్త వైరింగ్ సెట్ కొనాలి. షెడ్డులో ఉన్న కారు వైర్లని ఎలుకలు కొరికేశాయి. పోయిన నెల తాళం తిప్పితే డాష్‌బోర్డు కింద నుంచి పొగ లేచింది. ఇంకోసారి తప్పు జరిగితే కారే మిగలదని నా భయం. తాత గుర్తుగా నాకున్నది అదొక్కటే మరి.

ఫోనులో రెండు సెట్లున్నాయి. ఒకటి అచ్చంగా ఆ కారు కోసమే చేసింది. ప్రతి వైరు మీదా అది ఎక్కడికి పోవాలో అచ్చేసి ఉంటుంది, ధర మాత్రం ఎక్కువ. రెండోది ఏ కారుకైనా పనికొస్తుందట, కత్తిరించి కలుపుకునే పని మనది. ఏది మంచిదని పక్కనున్న సోమప్ప మామని అడిగాను. జవాబు మాత్రం ఎదురు బెంచీ నుంచి ఆంజప్ప మామ చెప్పాడు.

"రెండూ వద్దప్పా తిలక్! నా పాత కారుకి వైరింగ్ చేసింది ఎవరనుకున్నావు? నేనే! ముందు నేనూ నీ మాదిరే బెంగళూరు పోయి సెట్ తెచ్చినాను. డబ్బా విప్పి చూస్తే నాకు సిగ్గయిపోయింది. ప్రతి వైరు మీదా పేరు! ఇది లైటు, ఇది హారను, ఇది పెట్రోలు ముల్లు అని. ఏమప్పా, మన ఆవుల మీద మనం పేర్లు రాసుకుంటామా? చూస్తే తెలీదా ఏది ఎవరిదని? పోయి చెరువులో పారేసి వచ్చినాను."

"చెరువులోనా?" అంది కెంపమ్మ, టీ వడకడుతూ.

"చెరువులోనే కెంపమ్మా! పారేసి, మన బోరు మోటారుకి వేసే వైరు ఉంటుందే, ఎరుపు, పసుపు, నీలం, అది ఒక చుట్ట తెచ్చినాను. మనకి పుట్టినప్పటి నుంచి తెలిసిన రంగులు గదా అవి."

"కారులో ఇరవై పనులుంటాయి గదప్పా, మూడు రంగులు ఎట్ల చాలుతాయి?" అన్నాడు సోమప్ప మామ.

"అదే తెలివి! ముందర ఉండేవన్నీ ఎరుపు, వెనక ఉండేవన్నీ నీలం, మధ్యలో ఉండేవన్నీ పసుపు. అంతే! పొద్దున పాలు పోసి వచ్చి కూర్చున్నాను, సంగటి వేళకి లేచినాను. తాళం తిప్పినాను చూడు, ఒకే దెబ్బకి స్టార్టు! ఆ తర్వాత ఏమయిందో తెలుసునా?"

మామ టీ గ్లాసు పక్కన పెట్టి బెంచీ చివరికి జరిగాడు. 

"మార్గళి నెల, ఎదురు మనిషి కనపడని మంచు. సుమ్నే, ఊరికే చూద్దామని హెడ్‌లైటు వేసినాను. మంచు పాయ తీసినట్ల రెండుగా చీలిపోయిందప్పా, ఈడ నిలబడితే ఆడ హోసూరు బస్టాండు గడియారంలో టైము కనిపిస్తా ఉండాది! అంతలో గులాబీ తోటలోళ్ళు కట్టెలెత్తుకుని నా మీదికి వస్తా ఉండారు. ఏమిరా అంటే, నా లైటు పాలీహౌసు మీద పడి, ఎండ వచ్చిందనుకుని మొగ్గలన్నీ ఒకేసారి విచ్చుకున్నాయంట! విచ్చుకున్న పువ్వు మార్కెట్లో ఎవరు కొంటారు? చేతులు జోడించి తప్పించుకునే సరికి నాకు చాలు చాలయింది."

నాకు నవ్వొచ్చినా లోపల ఒక ఆశ కూడా కలిగింది. ఇందులో పదో వంతు నిజమైనా సెట్ కొనే పని లేదు, మామ చేతే చేయించుకోవచ్చు.

"ఇంక విను. ఆ వారమే త్రీఫేస్ కరెంటు పోయింది. టమోటా నారు వాడిపోతా ఉండాది, రైతులంతా నా ఇంటి ముందర. బానెట్టు ఎత్తినాను. ఎరుపుకి ఎరుపు, పసుపుకి పసుపు, నీలానికి నీలం తగిలించినాను, కారు వైరూ బోరు వైరూ ఒకే జాతి గదా! పద్నాలుగు బోర్లు ఎత్తుకున్నాయి! నీళ్ళు ఎంత ఎత్తు లేచినాయంటే, పైన పోయే కొంగలు తడిసి కింద దిగి రెక్కలు ఆరబెట్టుకున్నాయి."

"కొంగలకి తువ్వాలు ఇచ్చినావా?" అన్నాడు సోమప్ప మామ.

"నవ్వు, నవ్వు. రాయకోట స్టేషను కాడ జరిగింది వింటే నవ్వవు. గేటు వేసినారు, నా కారు ఈ పక్క, రైలు ఆ పక్క. ఎంతసేపైనా రైలు కదలదు. దిగి పోయి అడిగితే ఇంజను చచ్చిపోయిందంట. డ్రైవరు ఏడుపు మొహం పెట్టుకుని ఉండాడు. భయపడొద్దప్పా అని చెప్పి, నా కారు నుంచి ఒక ఎర్ర వైరు, ఒకే ఒక వైరు, ఇంజనుకి తగిలించి తాళం తిప్పినాను. లేచింది చూడు రైలు! నేను వైరు పీకే లోపల పరిగెత్తింది! ఎంత జోరుగా పోయిందంటే, ధర్మపురిలో నిన్నటి రైలు ఇంకా రాలేదు, ఇది పోయి నిలబడింది! స్టేషను మాస్టరు నాకు ఫోను చేసి, అయ్యా, ఏ కంపెనీ వైరింగ్ ఇది అని అడుగుతాడు. ఆంజప్ప కంపెనీ అన్నాను! అందుకే చెప్తా ఉండాను తిలక్, ఆ ఫోను జేబులో పెట్టు. రేపు పొద్దున నీ కారు కాడికి వైరు చుట్ట ఎత్తుకుని వస్తాను."

నేను ఫోను జేబులో పెట్టబోయాను. నిజం చెప్పాలంటే, ధర చూసి ముందే వెనక్కి తగ్గి ఉన్నాను.

కెంపమ్మ టీ గ్లాసు నా చేతికిచ్చి, "ఫోను పెట్టొద్దప్పా," అంది. "కొంచెం మా అవరె పందిరి కాడికి పో. తీగ పక్కకి జరిపి, కట్లు చూసి రా."

కొట్టు పక్కనే ఆ చిక్కుడు పందిరి, గుత్తులు గుత్తులుగా కాయలు. ఆకులు జరిపి చూశాను. కర్రకీ కర్రకీ మధ్య తాడు లేదు. తెల్ల వైరు, ఆకుపచ్చ వైరు, గోధుమరంగు వైరు. తెల్లదాని మీద జానెడుకొకసారి ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. పైకే చదివాను. "హారన్." పక్కదాని మీద, "హెడ్‌లైట్, ఎడమ."

"చెరువులో పారేసిన సెట్టు ఈడికి ఈదుకుంటా వచ్చిందా ఏమి?" అన్నాడు సోమప్ప మామ.

"ఆంజప్ప ఇంటామె ప్రేమ తెచ్చి ఇచ్చింది," అంది కెంపమ్మ. "మోటారు వైరు వేసి తాళం తిప్పితే సీటు కాలిపోయిందంట. ఆ పొద్దు నుంచి కారు కదిలింది లేదు. దాంట్లో మా కోడి రెండు సార్లు పొదిగింది, ఇప్పుడు మూడోసారి గుడ్ల మీద కూర్చుని ఉండాది."

ఆంజప్ప మామ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అంత మాటకారి అలా చిన్నబోవడం నాకు బాధనిపించింది. అయినా ఫోనులో పేర్లు అచ్చేసిన సెట్టుకే ఆర్డరు పెట్టాను.

కాసేపటికి మామ లేచి పందిరి దగ్గరికి వెళ్ళాడు. హారన్ వైరుని రెండు వేళ్ళతో పట్టుకుని, చివరి దాకా చూశాడు.

"తిలక్, నీ సెట్టు వచ్చినాక నన్నూ పిలువప్పా. పక్కన కూర్చుని చూస్తాను. కెంపమ్మా, ఇది... ఇది నాకు మళ్ళీ ఇస్తావా?"

"అవరె కాపు అయిపోనీ," అంది కెంపమ్మ. "అంతలోపల నీ కారులో నుంచి ఆ కోడి కూడా లేచేస్తుంది."