పాకం చూసే చెయ్యి

పందొమ్మిది వందల అరవై నాలుగు నాటి మాట ఇది. బోధన్ పక్క చెరుకు ఊళ్లో, పొద్దున్నే గానుగ దగ్గర జ్ఞానమ్మ బెల్లం వండుతోంది. కుష్టు దవాఖానాలో ఆరేళ్లుండి, నయమై నిన్ననే తిరిగొచ్చిన ఆడబిడ్డ రూతమ్మ ఆమె ఎదుటికి వచ్చి నిలబడింది.

“గాడనే ఆగు రూతు, గాడనే. కడాయి దగ్గరికి రాకు.”

“రాను తియ్యి వదిన. రాత్రి చెరుకాకుల పాకల పండుమంటే పండిన. ఇప్పుడు నిలబడుడు గూడ తప్పేనా?”

“తప్పని ఎవలన్నరు? పొగ కొడ్తదని అన్న.”

“పొగ గటు దిక్కు పోతున్నది. మోషే అన్న ఏడ?”

“ఎడ్లకు నీళ్లు పెట్టపోయిండు.”

“నిన్న నేను బస్సు దిగినప్పటి సంది పెడ్తనే ఉన్నడా? చెరువంత తాగినయా ఏంది గా ఎడ్లు?”

“నవ్వకు. నాకు నవ్వస్తలేదు. రేపటి ముచ్చట చెప్పాలె నీకు.”

“కోతపండుగ ముచ్చటనా? నేను గూడ అస్త. ఆరేండ్లు గా బంతి యాది చేసుకునే బతికిన వదిన. చర్చి ముంగట చాపలేసి, అందరం ఒక్క వరుసల కూసోని, పక్కోళ్ల మోచెయ్యి తాకంగ తినుడు...”

“గదే. గదే చెప్తున్న. సంఘం పెద్ద జీవరాజు మామ కబురంపిండు. నీకు చర్చి ఎనుక, బండ్లు ఇడిసే కాడ, వేరే ఇస్తరాకు ఏస్తరట.”

“బండ్ల కాడనా? ఎడ్లు ఒప్పుకున్నయా మరి?”

“రూతు!”

“గీ కాయితం సూడు. నయమైంది, ఎవ్వలకు అంటుకోదని డాక్టరమ్మ రాసిచ్చింది.”

“కాయితం కూసుంటదా బంతిల? కూసునేది నువ్వు. గా వంకర పోయిన యేళ్లతోని నువ్వు ముద్ద కలుపుతాంటే అందరు సూస్తరు.”

“సూడనియ్యి. ఒక్కనాడు సూస్తరు, రెండోనాడు మొకం తిప్పుకుంటరు, మూడోనాడు పప్పు గిన్నె గిటు జరుపుమంటరు.”

“నీ కాళ్లు మొక్కుత. ఒక్క రేపటికి. నువ్వు బంతిల కూసుంటే, గా ఇంటోళ్ల చేతి బెల్లం మాకొద్దంటరు. గానుగ కాడికి నన్ను రానియ్యరు. మీ అన్న నడుము సంగతి ఎరుకనే గదా, నా చేతి మీదనే నడుస్తున్నది ఇల్లు.”

“ఆరేండ్ల కింద గూడ గిట్లనే మొక్కినవు. ఒక్క నెలనే దవాఖానల ఉండుమన్నవు.”

“పాకం ముదురుతున్నది. ఆగు, సూడనియ్యి.”

“వదిన! అందరి లెక్క చన్నీళ్లల్ల ముంచకుండనే చెయ్యి పాకంల పెట్టినవు!”

“నాకు నీళ్లెందుకు? మూడేండ్ల సంది ఉత్త చెయ్యే. జ్ఞానమ్మది ఇనుప చెయ్యని సుట్టు పది ఊర్లంటయి. మగోళ్లకు గూడ శాతగాదు.”

“బొబ్బ లేసింది.”

“లేస్తది, పోతది. నొప్పి లేదు.”

“ఎన్నడు లేదా?”

“చెప్పిన గదా. దేవుడిచ్చిన చెయ్యి.”

“పొయ్యిల కట్టెలు ఎనుకకు గుంజు. ఇటు రా. కూసో. కండ్లు మూసుకో.”

“పొద్దుగాలనే ఏం ఆట ఇది?”

“మూసుకో వదిన. గీ గడ్డిపోసతోని యాడ తాకిన్నో చెప్పు.”

“భుజం... మోచెయ్యి... ఊఁ, తాకు మరి.”

“చెప్పు.”

“తాకితే గదా చెప్పేది! తాకు.”

“కండ్లు తెరువు.”

“గడ్డిపోస... నా యేలి మీదనే ఉన్నది.”

“నువ్వు తాకు తాకు అన్నప్పటి సంది గాడనే ఉన్నది.”

“పని చేసి చేసి మొద్దువారింది. గంతే. గంతే గదా రూతు?”

“నాకు గూడ గిట్లనే షురువైంది. కాలే కట్టె పట్టుకున్నా సుర్రుమనకపోయేది. నేను గూడ గట్టి చెయ్యనే మురిసిన.”

“నిన్ను నేను ముట్టనే లేదు! నువ్వు పోయినంక నీ చెంబు గూడ పారేసిన. నీ గొంగడి కాలవెట్టిన.”

“ఎరుకే. అన్న చెప్పిండు.”

“నేను ముట్టలే రూతు. ఒక్కపారి గూడ ముట్టలే...”

“ఏడ్వకు. గోళీలున్నయి వదిన. ఇప్పుడే మింగుడు వెడ్తే నీ చేతి యేళ్లు నా లెక్క వంకర పోవు. సోమారం మొదటి బస్సుకు నేనే తీస్కపోత. రేపు బండ్ల కాడనే తింట తియ్యి, నీ పానం నిమ్మలం చేసుకో.”

“వద్దు. బండ్ల కాడికి పోకు రూతు. బంతిల నా పక్కకే కూసో. అందరు నీ చేతులే సూస్తరు. నా చెయ్యి ఎవ్వలు సూడరు.”