స్టీరింగక్క తమ్ముడు

టెస్టు పోయిందా? పోతే పోయిందిలేవే, దానికింత మొహం మాడ్చుకోవాలా. నేనూ రెండుసార్లు తప్పాను, అదీ స్టీరింగక్క దగ్గర నేర్చుకుని. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయింది. మన వీధిలో ఆడవాళ్ళందరికీ కారు నేర్పింది ఆవిడే. ఉన్నది ఒకటే కారు, ఆవిడ కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు. మనం ఎవరినైనా గుద్దబోతే గమ్మున తొక్కేది. పైకి తిట్టేది కాదు, పెదాలు మాత్రం కదిలేవి. ఏం చెప్తున్నాను... ఆఁ, తమ్ముడు. ఆవిడకో తమ్ముడు, ఇళ్ళకి పైకప్పులు వేసే పని. ఓసారి పైనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు నొప్పికి మాత్రలు రాసిచ్చాడు. నడుం అతుక్కుంది గానీ మాత్రలు వదల్లేదు. డాక్టరు రాయడం మానేస్తే దొంగతనంగా కొనేవాడు, ఆ తర్వాత సూదులు. ఆసుపత్రిలో పెట్టి మాన్పించారు. ఇంటికొచ్చిన వారంలోపే మళ్ళీ సూది పొడుచుకుని బాత్రూంలో నీలంగా పడి ఉంటే అక్క తలుపు పగలగొట్టింది. ఎలాగో బతికాడు.

అప్పుడు మందుల షాపాయన చెప్పాడట, మెథడోన్ అని ఒక మందుంది, రోజూ పద్ధతిగా తాగితే ఆ తపన అణిగి ఉంటుంది, కానీ మన ఊళ్ళో ఎవరూ ఇవ్వరు అని. అక్క ఫోను పట్టుకుని కూర్చుంది. ఒకరు ఆ మందే తెలీదన్నారు, ఒకరు ఖాళీ లేదు పేరు రాసుకుంటాం అన్నారు, ఒకావిడైతే "అలాంటివాళ్ళని మేం చూడమమ్మా" అని పెట్టేసిందట. చివరికి పక్క ఊళ్ళో, టైర్ల గోడౌను వెనకాల దొరికింది క్లినిక్కు. రోజూ పొద్దున్నే వెళ్ళి నర్సు కళ్ళెదుట తాగి రావాలి. ఆ వేళకి బస్సు లేదు. అక్క తీసుకెళ్తే పొద్దుటి పాఠాలు పోతాయి, పాఠాలు పోతే ఇల్లు గడవదు. ఏం చేసిందంటావ్? పాఠాన్నే ఆ రోడ్డు మీదకి మార్చేసింది.

నేను చేరడానికి వెళ్తే ముందే చెప్పింది. "వెనక సీట్లో మా తమ్ముడుంటాడు. మత్తు అలవాటు, మందు తాగించి తేవాలి. ఇష్టమైతే రా." సగం మంది మానేశారు. మా నాన్న కూడా గొణిగాడు. ఒకాయన దారిలో ఆపి మరీ అడిగాడు, ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు పోయడమేగా అని. అక్క కారు దిగను కూడా లేదు. "వాడు పొద్దున లేస్తున్నాడు, తింటున్నాడు. నాకది చాలు" అంది.

ఓ రోజు వంతెన మీద లారీ వెనక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. బండి ఆగిపోయింది, వెనక అందరూ హారన్లు. క్లినిక్కు మూసే వేళ దగ్గరపడుతోంది. అద్దంలో చూస్తే అతనికి చెమటలు, ఒళ్ళు వణుకు. మెల్లగా అన్నాడు, "కంగారుపడకమ్మా. ముందు క్లచ్చు తొక్కు." వెళ్ళేసరికి తలుపులేసేశారు. ఆ రోజంతా అక్క అతన్ని కనిపెట్టుకుని గదిలోనే కూర్చుందట. పాపం, ఏం అనుభవించాడో. మర్నాడు నేను వెళ్ళేసరికే వచ్చి వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు.

తర్వాత కుదుటపడ్డాడు. కప్పులెక్కడం మానేసి కిందే చెక్కలు కోసే పని చేసేవాడు. మందు మాత్రం మానలేదు. ఎప్పుడు మానేస్తావని ఎవరైనా అడిగితే, మీరు బీపీ మాత్ర ఎప్పుడు మానేస్తారు అనేవాడు. మా పెళ్ళయ్యాక కూడా మీ తాతయ్యా నేనూ వాళ్ళింటికి వెళ్తూనే ఉండేవాళ్ళం.

అక్క పోయిన పొద్దున ఇంటి నిండా జనం. అతను నా దగ్గరికొచ్చి, "తీసుకెళ్తావా" అన్నాడు. ఇలాంటప్పుడు కూడానా అని ఎవరో అన్నారు. నేను తాళాలు తీసుకున్నాను. నర్సు ఎప్పట్లాగే గ్లాసు అందిస్తూ, అక్క రాలేదేం అంది. అతను మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెప్పాడు.

...

ఆ కిటికీ వెయ్యవే, చలిగాలి కొడుతోంది.