కొత్త బాడీ, పాత సీటు

ఆర్టీఏ ఆఫీసు వెనక మైదానంలో, ఎండకు తళతళలాడుతున్న చిన్న మారిస్ కారు చుట్టూ ముగ్గురున్నారు: కారు గల ఛత్రినాక పాల ఆండాలమ్మ, దాన్ని బాగుచేసిన మేస్త్రీ షఫీఉద్దీన్, చేతిలో పెన్సిలుతో ఇన్‌స్పెక్టరు.

“ఎంత రుద్దినా కాయిదం మీద నంబరు పడ్తలేదు షఫీ భాయ్. చాసిస్ నంబరేదీ?”

“ఉంది సార్. నా జేబుల ఉంది.”

“జేబులనా!”

“పాత బాడీ మొత్తం జంగు పట్టి తుప్పు తుప్పయింది సార్. లోపల కాలు పెడితే రోడ్డుకు తాకుతుండె. లండన్ నుంచి కొత్త బాడీ ఓడల తెప్పిచ్చినం. నంబరున్న తునక కోసి దస్తీల కట్టుకొచ్చిన. అసలుదే, కసమ్.”

“దొంగబండ్లోళ్లు గట్లనే జేస్తరు భాయ్.”

“ఎవల్ని దొంగంటున్నవ్ బిడ్డా? నాలుగు బర్లను అమ్మి తెప్పిచ్చిన బాడీ అది! రసీదు గూడ ఉంది.”

“రసీదు బాడీకి ఆండాలమ్మా, బండికి గాదు. బాడీ కొత్తది, రంగు కొత్తది. ఇగ ఇది పాత బండెట్లయితది? రికార్డుల కెళ్లి నంబరు తీసేస్త. బండి కబాడికే, తుక్కు కిందికే.”

“మా ఆయన నంబరది! నాకు మోకాలి చిప్పలు మార్చిన్రు, కండ్లల్ల అద్దాలు పెట్టిన్రు, పండ్లు కట్టిచ్చుకున్న. నన్ను గూడ కబాడిల ఏస్తవా?”

“నీకు చాసిస్ నంబరు లేదమ్మా.”

“ఆండాలక్కా, జర ఊకో. సార్, ఇంజను పాతదే, స్టీరింగు పాతదే. కొత్త బాడీ మీద పాత నంబరు కొట్టుకోనీకి ఇజాజత్ ఇయ్యుండ్రని పై ఆఫీసరుకు రాయుండ్రి.”

“షఫీ, సారు అంగి మీద పేరేం రాసుంది?”

“బాలరాజ్, అక్కా.”

“బాలరాజా… సైదాబాద్ నాగమణమ్మ కొడుకువా?”

“అవ్… నీకెట్ల ఎర్క? సిఫారసులు నడువయిక్కడ.”

“సిఫారసేంది, ముక్కు జూసి అడిగిన. సైదాబాద్ పోకముందు మా గల్లీలనే కిరాయికుండె మీ అమ్మ. గల్లీల ఎవలికి నొప్పులొచ్చినా మా ఆయన టైరు కింద నిమ్మకాయ బెట్టి ఈ బండే తీస్తుండె. నయాపూల్ దాటితె కాన్పుల దవాఖాన…”

“ముచ్చట్లొద్దమ్మా! ఇది ఆ బండే అని ఒక్క నిశాని చూపెట్టు. గిప్పుడే పైకి రాస్త.”

“ఒక్కటి సాలా? షఫీ, వెనక సీటు కవరు తియ్.”

“ఈ సీటు మారుస్తనంటే అక్క చెయ్యి పెట్టనియ్యలే సార్. లొల్లి లొల్లి జేసింది.”

“ఛీ ఛీ! ఏంది గీ మరక? గింత మంచి బండిల గీ గలీజు సీటేంది?”

“ఆ దినం నయాపూల్ మీద వినాయకుల ఊరేగింపు అడ్డమొచ్చింది. బండి కదల్లే. మీ అమ్మ ఆగలే, నువ్వసలే ఆగలే. నా కొంగుల సుట్టి పట్టుకున్న. నువ్వు పుట్టిన జాగను జూసి ఛీ అంటవేంది బిడ్డా?”